కుదురులేనిది పిల్లాడికి, ట్రైనింగ్ అమ్మానాన్నలకా?

"పిల్లాడికి బాగాలేదని తీసుకొస్తే, క్లాసులకు మమ్మల్ని రమ్మంటారేంటండీ?"

పిల్లాడికి ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) అని తేలాక, 'పేరెంట్ ట్రైనింగ్' అన్న మాట వినగానే చాలామంది తల్లిదండ్రులకు వచ్చే సందేహం ఇది. ఆ కోపంలో న్యాయం ఉంది. అప్పటికే పక్కింటావిడ "గారాబం ఎక్కువైంది" అని ఉంటుంది. టీచరు డైరీలో రాసి పంపి ఉంటుంది. అత్తగారు "నేను ముగ్గుర్ని పెంచాను, ఇలా ఉన్నారా?" అనేసి ఉంటారు. వీటన్నిటి మీద డాక్టరు కూడా ట్రైనింగ్ మీకేనంటే, తప్పు మీదేనని చీటీ రాసిచ్చినట్టే అనిపిస్తుంది.

నిజానికి ఆ పేరే సరిగ్గా కుదరలేదు. చెవులు వినబడని పిల్లాడున్న ఇంట్లో అందరూ సైగలు నేర్చుకుంటారు. వాళ్ల మాట బాగోలేకనో, వాళ్ల వల్లే పిల్లాడికి చెవుడొచ్చిందనో కాదు. మామూలు మాట ఆ పిల్లాడి దాకా చేరదు కాబట్టి. ఇక్కడా సంగతి అంతే. ఏది చేరదు, ఎందుకు చేరదు, దారి మార్చి చెబితే నిజంగా ఎంత మారుతుంది అన్నవే అసలు ప్రశ్నలు. ఆఖరి ప్రశ్నకు జవాబు చాలామంది ఆశించేలా ఉండదు.

## అల్లరికీ దీనికీ తేడా

అల్లరి చేయని పిల్లలుంటారా అంటే ఉండరు. అందుకే డాక్టర్లు అల్లరిని చూసి ముద్ర వేయరు, దాని లెక్క చూస్తారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ఇచ్చిన ప్రమాణాల్లో రెండు జాబితాలున్నాయి. ఒకటి ధ్యాస నిలవకపోవడానికి సంబంధించిన 9 లక్షణాలు. రెండోది కుదురు లేకపోవడానికి, ఆగలేని తొందరపాటుకు సంబంధించిన 9. పిల్లల్లో ఏదో ఒక జాబితాలో కనీసం 6 ఉండాలి. అవి ఆరు నెలలకు తగ్గకుండా సాగాలి, వయసుకు మించి ఉండాలి, 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, చదువుకో స్నేహాలకో అడ్డొస్తూ ఉండాలి. వీటికి తోడు, కనీసం రెండు చోట్ల కనిపించాలి. బడిలో బుద్ధిమంతుడై ఇంట్లో మాత్రమే బీభత్సం చేసే పిల్లాడి విషయంలో వేరే కారణం వెతకాల్సిందే.

మొదటి జాబితా మాత్రమే ఉన్న పిల్లలు ఎవరి కంటా పడరు. బల్లలెక్కరు, ఎవరినీ కొట్టరు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు, పెన్సిళ్లు పోగొట్టుకుంటారు, లెక్క సగంలో వదిలేస్తారు. వీళ్లను "పరధ్యానం" అనేసి ఊరుకుంటాం. ఆడపిల్లల్లో ఇలా తేలకుండా ఉండిపోయేవాళ్లు ఎక్కువ.

రకరకాల దేశాల సర్వేలను కలిపి చూస్తే పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. అంటే 40 మంది క్లాసులో ఇద్దరు. కవలల మీద జరిగిన అధ్యయనాలన్నీ ఒక్క మాటే చెబుతున్నాయి: ఇందులో వంశపారంపర్యం పాలు చాలా ఎక్కువ, 70 నుంచి 80 శాతం దాకా. "వాళ్ల నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే" అని మన ఇళ్లలో అనే మాట వట్టి ఓదార్పు కాదన్నమాట.

## సాయంత్రం చాలా దూరం

"కార్టూన్ పెడితే గంటసేపు కదలడే! హోంవర్క్ దగ్గరే ఎందుకీ రోగం?" అనే అనుమానం దాదాపు ప్రతి ఇంట్లోనూ వస్తుంది. మొండితనానికి రుజువుగా చూపించే ఈ ఒక్క విషయంలోనే అసలు కిటుకుంది.

కార్టూన్‌లో ప్రతి కొన్ని సెకన్లకూ కొత్తదేదో జరుగుతుంది. ఫోన్ గేమ్‌లో తాకగానే నాణెం మోగుతుంది. పది లెక్కలు చేస్తే వచ్చే ఫలం మాత్రం రేపు టీచరు పెట్టే టిక్కు, లేదా నెల తర్వాత వచ్చే మార్కు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు ఆలస్యంగా వచ్చే ఫలితం బరువు చాలా వేగంగా తగ్గిపోతుంది. ఎదురుచూడటమే వాళ్లకు భరించరాని పని అవుతుందని బ్రిటిష్ సైకాలజిస్ట్ ఎడ్మండ్ సొనుగా బార్క్ 1990ల నుంచి చెబుతూ వచ్చాడు. వాళ్లకు తెలియక కాదు. ఏం చేయాలో అడిగితే పొల్లుపోకుండా చెబుతారు. తెలిసినదాన్ని ఆ క్షణంలో చేయడం దగ్గరే బండి ఆగిపోతుంది.

ఇప్పుడు మన మామూలు పెంపకం ఎలా ఉంటుందో చూడండి. "బాగా చదివితే పెద్దయ్యాక సుఖపడతావ్." "యూనిట్ టెస్టులో మార్కులొస్తే సైకిల్." "సాయంత్రం నాన్న రానీ, నీ సంగతి చెప్తా." ముప్పు అయినా ఊరింపు అయినా అన్నీ దూరంగానే ఉన్నాయి. మిగతా పిల్లలకు అవి సరిపోతాయి. ఈ పిల్లాడికి 'సాయంత్రం' అంటే దాదాపు వచ్చే ఏడాదితో సమానం.

ట్రైనింగ్ సారమంతా ఈ దూరాన్ని తగ్గించడంలోనే ఉంది. ఫలితం వెంటనే రావాలి, చిన్నదైనా తరచుగా రావాలి, కంటికి కనబడాలి.

## గొడవ ఇద్దరికీ పాఠం చెబుతుంది

ఈ క్లాసులకు మూలం ఏడీహెచ్‌డీ కాదు. 1960ల్లో అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే సైకాలజిస్ట్, మాట వినని పిల్లలున్న ఇళ్లకు మనుషులను పంపి, అక్కడ ఏం జరుగుతోందో నిమిషం నిమిషం రాయించాడు. అందులో ఒక అల్లిక మళ్లీ మళ్లీ కనబడింది.

మన ఇంటి భాషలో చెప్పుకుందాం. అమ్మ వంటింట్లోంచి "అభీ, ఫోన్ పక్కన పెట్టు" అంటుంది. వాడు పలకడు. రెండోసారి కాస్త గట్టిగా అంటుంది. "ఊఁ" అంటాడు. మూడోసారి బయటికొచ్చి ఫోన్ లాక్కోబోతే అరుస్తాడు, కింద పడి దొర్లుతాడు. పక్క ఫ్లాట్ వాళ్లు వింటారేమోనని అమ్మ "సరే, ఇంకో ఐదు నిమిషాలే" అంటుంది. అరుపు ఆగుతుంది.

ఈ రెండు నిమిషాల్లో అరిస్తే పనవుతుందని అభి నేర్చుకున్నాడు. దాన్ని మనం గమనిస్తాం. మనం గమనించనిది అమ్మ నేర్చుకున్న పాఠం: దిగొస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఇంకో రోజు ఓపిక నశించి ఒకటి వేస్తే వాడు వెంటనే ఫోన్ వదిలేస్తాడు. కొడితే పనవుతుందని ఆ రోజు నేర్చుకుంటుంది. "దండం దశగుణం భవేత్" అన్న మాట ఇంకా బతికుండటానికి కారణం ఇదే. ఆ క్షణానికి అది నిజంగానే పనిచేసినట్టు కనబడుతుంది. మర్నాడు అదే గొడవ ఇంకో మెట్టు పైనుంచి మొదలవుతుంది.

ఏడీహెచ్‌డీని ఈ అల్లిక పుట్టించదు. కానీ అది ఉన్న ఇంట్లో రోజుకు ఇలాంటి సందర్భాలు మూడింతలుంటే, అల్లిక మూడింతలు బిగుస్తుంది.

## క్లాసుల్లో ఏం నేర్పుతారు

అదే ఒరెగాన్‌లో కాన్‌స్టెన్స్ హాన్ఫ్ అనే సైకాలజిస్ట్ వేసిన రెండంచెల పద్ధతే ఇప్పటికీ చాలా ప్రోగ్రాములకు వెన్నెముక. మొదటి అంచెలో దగ్గరితనం, రెండో అంచెలో క్రమశిక్షణ. షీలా ఐబర్గ్, రస్సెల్ బార్క్‌లీ, కరోలిన్ వెబ్‌స్టర్ స్ట్రాటన్ తయారుచేసిన ప్రసిద్ధ ప్రోగ్రాములన్నీ ఈ చెట్టు కొమ్మలే. సాధారణంగా వారానికొక క్లాసు, గంటో రెండు గంటలో, ఎనిమిది నుంచి పదహారు వారాలు సాగుతుంది.

మొదటి వారాల్లో శిక్షల ఊసే ఉండదు. రోజుకు పది పదిహేను నిమిషాలు పిల్లాడు ఎంచుకున్న ఆట ఆడాలి. ఆడుతూ ప్రశ్నలు వేయకూడదు, నేర్పకూడదు, సరిదిద్దకూడదు. వినడానికి సులువే. మన వాళ్లకు ఇది నరకం. పిల్లాడు ఎర్ర కారు తీయగానే "స్పెల్లింగ్ చెప్పు?" అని నోటిదాకా వస్తుంది. దాన్ని మింగి "ఓ, ఎర్రకారు ముందుకెళ్తోంది" అని మాత్రమే అనాలి. ఎందుకంటే అప్పటికి ఆ పిల్లాడికి అమ్మ గొంతు వినబడిందంటే ఏదో తప్పు చేశానన్నట్టే. పొగడ్తకు విలువ రావాలంటే ముందు ఆ గొంతుకు విలువ రావాలి.

తర్వాత చెప్పే తీరు. "ఒరేయ్, తొందరగా తయారవరా" అని వంటింట్లోంచి కేకేయడంలో మూడు లోపాలున్నాయి. దూరం నుంచి వచ్చింది. 'తయారవడం' అన్న ఒక్క మాటలో ఆరు పనులున్నాయి. అయ్యిందో లేదో ఎవరూ చూడరు. స్కూల్ వ్యాన్ 7:40కి వస్తుందనుకుంటే, క్లాసులో నేర్పే పద్ధతిలో అమ్మ వాడి దగ్గరికి వెళ్తుంది, భుజం మీద చెయ్యి వేస్తుంది, "సాక్సులు వేసుకో" అంటుంది. అక్కడే నిలబడి మనసులో ఐదు దాకా లెక్కపెడుతుంది. వేసుకోగానే "చెప్పగానే వేసుకున్నావే!" అంటుంది. "గుడ్ బాయ్" కంటే ఈ మాట మేలు, దేనికి మెచ్చుకున్నారో వాడికి తెలుస్తుంది కాబట్టి. పని గుర్తుపెట్టుకునే భారం వాడి బుర్ర మీద పెట్టకుండా తలుపు మీద నాలుగు బొమ్మల కాగితం అంటించుకోవచ్చు.

పొద్దున్నే ఇడ్లీ పిండి గరిటెతో ఇదంతా ఎవరు చేస్తారు అంటారా? అక్కడే చాలా ఇళ్లలో ట్రైనింగ్ ఆగిపోతుంది. కాస్త పేరున్న ప్రోగ్రాముల్లో దీని గురించే సగం క్లాసు చర్చిస్తారు.

## పాయింట్ల లెక్క ఎలా వేస్తారు

పాయింట్ల చార్టు అందరికీ తెలుసు, చాలామంది ఇళ్లలో పది రోజుల్లో చతికిలబడుతుంది. సాధారణంగా పద్ధతి మంచిదే, లెక్క తప్పుతుంది. ఉదాహరణకు ఎనిమిదేళ్ల అభి.

పొద్దున స్నానం 2, యూనిఫాం 2, టిఫిన్ 2, 7:30కల్లా బూట్లతో గుమ్మం దగ్గర ఉంటే 4. మొత్తం 10. హోంవర్క్‌ను పది నిమిషాల ముక్కలుగా నాలుగు చేసి, ముక్కకు 3 చొప్పున 12. రాత్రి తొమ్మిదికి మంచమెక్కితే 3. రోజుకు గరిష్ఠం 25. మామూలు రోజున వాడు 18 తెచ్చుకుంటాడనుకుందాం. అరగంట టీవీ 6 పాయింట్లు, నాన్నతో పార్కింగ్‌లో క్రికెట్ 6. ఆ రోజే 12 ఖర్చు, మిగులు 6. వారంలో ఆరు రోజులకు 36. ఆదివారం బయట దోసె 35.

ఈ లెక్కలో రెండు జాగ్రత్తలున్నాయి. సంపాదించినదాంట్లో మూడింట రెండొంతులు ఆ రోజే ఖర్చవుతోంది, అంటే ఫలం చేతికి దగ్గరగా ఉంది. వాడు బాగా చేయని రోజున కూడా టీవీకి సరిపడా వస్తుంది, అంటే ఆట మొదటి ఓవర్‌లోనే ముగిసిపోదు. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. తిట్టిన ప్రతిసారీ 5 కోసి, బుధవారానికి పిల్లాణ్ని అప్పుల్లోకి తోస్తారు. ఇక పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడు ఎందుకు వింటాడు? అందుకే మొదటి వారం రెండు వారాలు కోతలే ఉండకూడదని నేర్పుతారు.

ఇది లంచం కాదా అన్న అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. 1973లో మార్క్ లెపర్, మరో ఇద్దరు పరిశోధకులు స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో, బొమ్మలు వేయడం ఇష్టమైన పిల్లలకు ముందే చెప్పి బహుమతి ఇచ్చారు. తర్వాత ఆ పిల్లలు తమంతట తాముగా బొమ్మలేయడం తగ్గింది. కాబట్టి అభికి క్రికెట్ ఆడినందుకు పాయింట్లివ్వడం దండగే, హానికరం కూడా కావచ్చు. కానీ సాక్సులు వేసుకోవడం మీద వాడికి చెడిపోవడానికి సొంత ఇష్టమంటూ ఏమీ లేదు. పాయింట్లు అక్కడ ఊతకర్ర. ఆ కర్ర ఎప్పుడు తీసేయాలన్నది మాత్రం చాలా ప్రోగ్రాములు చాలినంత చెప్పవని నా అభిప్రాయం.

## మొదట ఇంకా ముదురుతుంది

అరిస్తే ఫోన్ వచ్చే ఇంట్లో ఒకరోజు నుంచి రాకపోతే ఏమవుతుంది? పిల్లాడు తగ్గడు, పెంచుతాడు. ఇంతవరకు పది నిమిషాలు అరిచేవాడు ఇరవై అరుస్తాడు. నీళ్లు రాని కుళాయిని మనం ముందు ఇంకా గట్టిగా తిప్పి చూస్తాం కదా, అలాంటిదే. "క్లాసులకెళ్లాక ఎక్కువైంది" అని మానేసేది ఈ దశలోనే.

ఇరవయ్యో నిమిషంలో నాయనమ్మ జాలిపడి ఫోన్ చేతిలో పెట్టిందనుకోండి. వాడికి అందిన పాఠం "ఇరవై నిమిషాలు అరవాలి" అని. అప్పుడప్పుడూ తగిలే లాటరీ రోజూ వచ్చే జీతం కంటే గట్టిగా పట్టేస్తుంది. అందుకే పెద్దవాళ్లున్న మన ఇళ్లలో క్లాసుకు అమ్మ ఒక్కతే వెళ్లడం సగం పనే. ఆవిడ నేర్చుకుని వచ్చినదాన్ని "ఈ కాలం పోకడలు" అని కొట్టేసే మనిషి హాల్లోనే కూర్చుని ఉంటే, పిల్లాడు ఎవరి కోర్టులో అప్పీలు చేసుకుంటాడో చెప్పక్కర్లేదు.

కొట్టుకోవడం లాంటి వాటికి 'టైమ్ అవుట్' నేర్పుతారు. వయసుకు ఏడాదికి నిమిషం చొప్పున, ఏ సందడీ లేని కుర్చీలో కూర్చోబెట్టడం. పిల్లాడు ఒంటరిగా వదిలేసినట్టు బాధపడతాడని దీన్ని వ్యతిరేకించేవాళ్లున్నారు. పద్ధతి ప్రకారం వాడినప్పుడు హాని జరిగినట్టు పరిశోధనల్లో తేలలేదు. అయితే చీకటి గదిలో పెట్టి గడియ వేయడాన్ని టైమ్ అవుట్ అని పిలిచే ఇళ్లు ఉన్నాయి కాబట్టి ఆ భయం ఊరికే పుట్టింది కాదు.

## ఇంతా చేస్తే పనిచేస్తుందా?

తల్లిదండ్రులను అడిగితే పనిచేస్తుందనే చెబుతారు. కానీ పన్నెండు వారాలు ఆటో ఎక్కి, దిగి, చెమటోడ్చి, చివర్లో "మీ పిల్లాడు మారాడా?" అన్న ఫారం నింపే తల్లి 'మారలేదు' అని రాయడం కష్టం. అందుకే 2013లో సొనుగా బార్క్ బృందం అప్పటివరకు వచ్చిన పరిశోధనలను మళ్లీ తూకం వేసింది. ట్రైనింగ్ జరిగిందో లేదో తెలియనివాళ్లు పిల్లాణ్ని చూసి వేసిన అంచనాలను విడిగా లెక్కించింది. అలా చూస్తే ధ్యాస, కుదురు మీద ప్రభావం దాదాపు కనుమరుగైంది. ఇక్కడ మెచ్చుకోవాల్సిందొకటుంది. ఇంగ్లండ్‌లో మూడేళ్ల పిల్లల తల్లులకు ఇలాంటి ట్రైనింగ్ ఇచ్చి 2001లో మంచి ఫలితాలు ప్రకటించింది కూడా ఆయన బృందమే. తన కాయనే తూకంలో పెట్టి, అది తేలిపోయిందని ఒప్పుకోవడం పరిశోధకుల్లో అంత మామూలు కాదు.

మరి దండగా? 2014లో డేవిడ్ డేలీ, వాళ్ల బృందం ఇంకో ప్రశ్న వేశారు: ధ్యాస సంగతి సరే, ఇంట్లో ఏం మారింది? తెలియనివాళ్ల అంచనాల్లోనూ తిట్లూ దెబ్బలూ తగ్గాయి, మెచ్చుకోవడం పెరిగింది, పిల్లల ఎదురుతిరుగుడు తగ్గింది. ఏడీహెచ్‌డీ అలాగే ఉంది, దాని చుట్టూ అల్లుకున్న యుద్ధం సద్దుమణిగింది. పిల్లాడికి ఏకాగ్రత పెరుగుతుందని ఈ క్లాసులను అమ్మేవాళ్లు తప్పు చెబుతున్నారు. పెరగలేదు కాబట్టి దండగ అనేవాళ్లు ఆ ఇంట్లో ఒక పొద్దుట గడిపి ఉండరు.

## మందు ఉండగా ఇదెందుకు?

అమెరికా, కెనడాల్లో 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు 579 మందితో 14 నెలలు సాగిన ఎంటీఏ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 1999లో వచ్చాయి. జాగ్రత్తగా మోతాదు చూసి ఇచ్చిన మందు, ధ్యాస విషయంలో, తల్లిదండ్రుల ట్రైనింగ్ కూడా ఉన్న ప్రవర్తనా చికిత్సను స్పష్టంగా మించింది. రెండూ కలిపి ఇచ్చిన గుంపు ధ్యాసలో మందు గుంపును మించలేదు గానీ, మొండితనం, తల్లిదండ్రులతో సంబంధం లాంటి వాటిలో కొంత మేలు కనబడింది, అదీ తక్కువ మోతాదుతోనే. మూడేళ్లకు చూస్తే గుంపుల మధ్య తేడాలే చెరిగిపోయాయి. మందు వైపు వాళ్లు మొదటి వాక్యం, వ్యతిరేకులు ఆఖరి వాక్యం చెప్పి ఊరుకుంటారు.

వయసును బట్టి సలహా మారుతుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019 మార్గదర్శకాల్లో ఆరేళ్లు నిండని పిల్లలకు ముందు తల్లిదండ్రుల ట్రైనింగే. ఆరు దాటితే మందుతో పాటు ఇదీ. బ్రిటన్‌లో 2018 నియమాలూ ఐదేళ్లలోపు పిల్లలకు మొదట గ్రూపు ట్రైనింగే చెబుతాయి. అమెరికాలో ఉన్న మన వాళ్లు "డాక్టరు మందు రాయకుండా క్లాసులకు పంపుతున్నాడు" అని కంగారు పడేది ఇందుకే.

గడియారాన్ని బట్టి కూడా సంగతి మారుతుంది. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందులో, తక్కువ సేపు పనిచేసే రకం ప్రభావం సుమారు నాలుగు గంటలు. పొద్దున వేసిన బిళ్ల పనిచేసేది బడిలో, టీచరు ముందు. అది ఎక్కకముందు సాక్సుల గొడవ, దిగిపోయాక హోంవర్క్ గొడవ అమ్మానాన్నల వంతు. ఆ గంటలకు ట్రైనింగ్ తప్ప వేరే ఆసరా అంతగా లేదు.

## మన దగ్గర

కేంద్రం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో, పిల్లల్లో గుర్తించాల్సిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది. గుర్తించినవాళ్లను జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపాలి. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం మానసిక ఆసుపత్రులు, బెంగళూరు నిమ్‌హాన్స్ మన వాళ్లకు తెలిసిన చిరునామాలు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు. కానీ రద్దీ ఓపీలో డాక్టరు పది నిమిషాల్లో చెప్పే సలహాకూ పన్నెండు వారాల క్లాసుకూ చాలా దూరం. పరిశోధనలు తూచింది రెండోదాన్ని.

బడి సాయం లేకపోతే ఇంటి శ్రమలో సగం ఆవిరవుతుంది. టీచరు రోజూ డైరీలో మూడు గీతలకు ఎదురుగా టిక్కు పెట్టి పంపితే, ఇంట్లో పాయింట్లు దానికి కలుస్తాయి. అరవై మంది క్లాసులో ఆ మూడు టిక్కులు అడగడం కూడా చాలామందికి మొహమాటమే. కొట్టడం మాత్రం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం.

"వాళ్ల నాన్న కూడా ఇంతే" అన్న మాట ట్రైనింగ్ దగ్గర ఇంకో రకంగా బరువవుతుంది. సొనుగా బార్క్ బృందం 2002లో చూసిన దాని ప్రకారం, తల్లిలో కూడా ఏడీహెచ్‌డీ లక్షణాలు ఎక్కువగా ఉన్న ఇళ్లలో పిల్లలకు ట్రైనింగ్ వల్ల పెద్దగా మార్పు రాలేదు. చార్టు నింపడం గుర్తుండాలి, అరవకుండా ఆగాలి, రోజూ ఒకేలా చేయాలి. పిల్లాడికి కష్టమైనవే ఇవన్నీ. అందుకే కొన్నిచోట్ల పిల్లాడి ఫారం నింపించేటప్పుడే అమ్మానాన్నల చేతికీ ఒక ఫారం ఇస్తారు. దాన్ని సగం నింపి, పెన్ను ఎక్కడో పెట్టి వెతుక్కునే నాన్నలు కొందరుంటారు.